తెల్ల పరదా మీద నాలుగు వేళ్లు

ఆ కేసు మీద సినిమా తీశారు. అందులో నా భార్య లేదు.

వకీలు ఉన్నాడు. సినిమాలో ఆయన కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తూ ఆలోచిస్తాడు. ఆలోచన తట్టగానే కళ్లజోడు తీస్తాడు. మా వీధి జనమూ ఉన్నారు. చివర్లో అందరూ కోర్టు మెట్ల మీద నిలబడి కళ్లు తుడుచుకుంటారు. ఆ ఎండాకాలం వాన పడలేదు. వకీలుకు కళ్లజోడు లేదు. సాక్ష్యానికి పిలిచిన ఒక్కావిడ తప్ప వీధి జనంలో ఇంకెవరూ కోర్టు గడప తొక్కలేదు. ఆ ఆలోచన నా భార్యది.

మేం మూడో అంతస్తులో ఉండేవాళ్లం. లిఫ్టు లేదు. యాభై నాలుగు మెట్లు. ఆ ఏడాది ఎండలు ముదిరేసరికి మా ఆవిడ కాళ్లలో సత్తువ పూర్తిగా పోయింది. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నాది రంగుల కార్ఖానాలో తొట్టి దగ్గర పని. పొద్దున ఏడింటికి లోపలికి వెళితే మధ్యాహ్నం తిండికి అరగంట వదులుతారు. మళ్లీ సాయంత్రమే.

ఆమెను మోసింది కింద గదిలో ఉండే బరువుల మనిషి. బీరువాలు, మంచాలు, కుట్టుమిషన్లు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేర్చడం అతని పని. వాళ్ల జనం మాకంటే బాగా నల్లగా ఉంటారు. జుట్టు వేరు, ముఖం తీరు వేరు. వాళ్ల తాతల తాతల్ని బరువులు మోయడానికే ఓడల్లో తెచ్చారట. తరతరాలుగా ఇక్కడే పుట్టి ఇక్కడే పోతున్నా, వీధి లెక్కలో వాళ్లు నిన్న దిగినవాళ్లే. అతన్ని అందరూ 'బొగ్గు' అనేవాళ్లు. పిలిచినా అదే మాట, తిట్టినా అదే మాట. మా ఆవిడ మాత్రం మొదటిరోజే "తమ్ముడూ" అంది. అతను "అక్కా" అన్నాడు. నన్నెవరూ అడక్కుండానే నేను బావనైపోయాను.

ఒక కుర్చీని వీపుకు కట్టుకుని, దాని వెడల్పాటి పట్టీని నుదుటికి తగిలించుకుని, ఆమెను అందులో కూర్చోబెట్టుకుని దిగేవాడు. ఆమె ముఖం వెనక్కి ఉండేది.

"అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్లెవరన్నారు. అన్నవాళ్లకి మా తమ్ముడు తెలీదు పాపం," అనేది.

"కదలకు అక్కా. బీరువాలైతే నోరెత్తవు."

"బీరువాకేం తెలుసురా, ఇలా వెనక్కి దిగుతుంటే అందరి వంటిళ్లూ ఎంత బాగా కనిపిస్తాయో!"

ఇద్దరూ నవ్వుకుంటూ దిగేవాళ్లు. నాకది నచ్చేది కాదు. ఇంకో మగవాడి వీపు మీద నా భార్య. ఆ మగవాడు ఏ జాతివాడన్న సంగతి కూడా మనసులో ఉంది. లేదని ఇప్పుడు అబద్ధం చెప్పను. అతను "బావా" అంటే నేను పలికేవాణ్ణి కాదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం, వీధంతా తలుపులు వేసుకుని పడుకున్న వేళ, వీధి చివర గడియారాల కొట్టులో ముసలాయన్ని ఎవరో తల మీద కొట్టారు. బాగుకొచ్చిన చేతిగడియారాలన్నీ ఎత్తుకుపోయారు. మూడో రోజు ఆయన చనిపోయాడు.

దెబ్బ పడినప్పుడు ఆయన భార్య కొట్టు వెనక గదిలో పడుకుని ఉంది. ఆవిణ్ణి మేం గడియారాల పెద్దమ్మ అనేవాళ్లం. కొట్టుకూ గదికీ మధ్య తెల్ల పరదా ఉంటుంది. ఆవిడకు కనిపించింది ఒక్కటే. పరదాను పట్టుకుని పక్కకు లాగబోయిన నాలుగు వేళ్లు. నల్లటి వేళ్లు. ఆవిడ కేక వేసింది. వేళ్లు మాయమయ్యాయి.

"నల్లటి చెయ్యి," అని ఆవిడ ఇన్‌స్పెక్టరుతో చెప్పింది. మిగతాది వీధి చెప్పింది. పోయిన వారం ఆ గదిలోకి బీరువా మోసిందెవరు? ఎక్కడ ఏముందో చూసిందెవరు? ఆ వేళకు అతను తన గదిలో నిద్రపోతున్నాడు. నిద్రకు సాక్షులుండరు. సాయంత్రానికి అతన్ని జీపెక్కించారు. ఎక్కేముందు పైకి చూసి, "అక్కా, ఎల్లుండి ఆసుపత్రికి ఎవరినైనా చూసుకో," అన్నాడు. ఆ మాటకే ఒక దెబ్బ పడింది.

"నిప్పు లేనిదే పొగ రాదమ్మా," అన్నాడు కింది అంతస్తు టైలరు.

మా ఆవిడ కిటికీలోంచి అంది. "రోజూ మీ ఇంట్లోంచీ పొగ వస్తుంది టైలరన్నా. ఎప్పుడైనా జీపు పిలిచామా?"

మరునాడు పొద్దున నేను పనిలోకి వెళ్లాను. ఆ నెలంతా కార్ఖానాలో నలుపు ఒక్కటే నడుస్తోంది. గంధకపు నలుపు. తొట్టిలో ఉన్నంతసేపూ అది నల్లగా ఉండదు, పాచిపచ్చగా ఉంటుంది. కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. గుడ్డను బయటికి తీసి గాలి తగలనిస్తే కళ్లముందే నల్లబడుతుంది. మా చేతులూ అంతే. ఆ తొట్టి దగ్గర పనిచేసేది నలుగురం. నలుగురికీ మోచేతుల దాకా కాటుక పూసినట్టు ఉండేది. శనివారం సాయంత్రం బ్లీచింగ్ పౌడరు నీళ్లలో ముంచి రుద్దుకుంటే పోతుంది. ఆదివారం ఒక్కరోజు తెల్లటి చేతులతో మనుషుల్లో తిరిగేవాళ్లం. సోమవారం మళ్లీ మామూలే.

నేను వెళ్లేసరికి ఇద్దరు కుళాయి దగ్గర బకెట్లో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. ఒకరి ముఖం ఒకరు చూడటం లేదు. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మెదపడం లేదు. మూడోవాడు మేస్త్రీ తమ్ముడు. వాడు అప్పటికే కడిగేసుకుని, తెల్లటి చేతులు ఆరబెట్టుకుంటున్నాడు. ముందురోజు మధ్యాహ్నం తిండికి వెళ్లి వాడు గంట ఆలస్యంగా వచ్చాడని మాకందరికీ తెలుసు. అంతకుమించి తెలియదు. అది చాలు.

నాలుగోవాణ్ణి నేను. నేనూ బకెట్లో చేతులు పెట్టాను.

ఆ సాయంత్రం ఆమెకు కంచం అందిస్తుంటే నా వేళ్లు చూసింది.

"ఇవాళ బుధవారం కదండీ."

"అయితే?"

"చేతులు తెల్లగా ఉన్నాయి."

"కడుక్కున్నాను. తప్పా?"

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది."

"నోర్మూసుకుని తిను."

నోరు మూసుకుంది. తినడం మాత్రం తినలేదు.

తొమ్మిది రోజులు అలా గడిచాయి. నేను రోజూ నల్లబడ్డాను, రోజూ కడుక్కున్నాను. ఆమెను ఆసుపత్రికి దించడానికి సాయం రమ్మని మెట్ల మీద ప్రతి తలుపూ తట్టాను. మా మెట్ల మీది మగవాళ్లందరికీ ఆ వారమే నడుంనొప్పి వచ్చింది. నేనే మోస్తానన్నాను.

"మీరు మోస్తే ఆసుపత్రికి కాదు, నేరుగా పైకే పోతాను," అంది. ఆ తొమ్మిది రోజుల్లో ఆమె నాతో ఆడిన వేళాకోళం అదొక్కటే. రెండుసార్లు ఆసుపత్రి మానుకుంది.

పదో రోజు సాయంత్రం గడియారాల పెద్దమ్మ మూడంతస్తులు ఎక్కి వచ్చింది. చంకలో మూట.

"అబ్బాయ్, నువ్వు రంగుల పనివాడివి. కాస్త ఈ మరక ఎలా పోతుందో చూడు. ఎన్ని ఉతుకులు ఉతికానో! ఉడకబెట్టాను కూడా. ఆయన ముచ్చటపడి కుట్టించిన పరదా. పారేయబుద్ధి కావడం లేదు. ఆ పాపిష్టివాడి చెయ్యి నా ఇంట్లో ఉండకూడదు."

మూట విప్పింది. తెల్ల గుడ్డ అంచున నాలుగు వేళ్ల అచ్చు. నల్లగా, అంచుల్లో కొద్దిగా పచ్చజీరతో.

గుడ్డను వెలుతురులోకి పట్టి చూశాను.

"పోలీసులు ఇది చూడలేదా పెద్దమ్మా?"

"చూడకేం? ఇన్‌స్పెక్టరు వేలితో గీరి మరీ చూశాడు. వాడి చెయ్యి కదా, అంటుకుంది, మీరు ఉతుక్కోండి అన్నాడు."

నల్ల మనిషి చెయ్యి తగిలితే గుడ్డ నల్లబడుతుందని ఆవిడ నమ్మింది. ఎగతాళిగా కాదు, నిజంగా నమ్మింది. పుస్తకాలు చదివిన ఇన్‌స్పెక్టరూ నమ్మాడు. వాళ్లిద్దరినీ నేను ఈ రోజుకీ క్షమించలేదు. కానీ వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. మా చేతులు కూడా ఆరిపోయాక గుడ్డకు అంటవు. ఇది తడి ఆరని చెయ్యి. తొట్టిలోంచి తీసి, తుడుచుకోకుండా నాలుగు అడుగులు వేసి వచ్చిన చెయ్యి. కార్ఖానా వెనక గేటు నుంచి గడియారాల కొట్టుకు వంద అడుగులు ఉండదు.

"రేపు ఇస్తాను పెద్దమ్మా," అన్నాను.

ఆవిడ వెళ్లాక బకెట్లో నీళ్లు పట్టి బ్లీచింగ్ పౌడరు కలిపాను. మా ఆవిడ మంచం మీద నుంచి చూస్తోంది.

"పోతుందా?"

"పోతుంది."

"ఎంతసేపట్లో?"

"పది నిమిషాలు."

"మీ నలుగురిలో ఎవరు?"

"మేస్త్రీ తమ్ముడు అయ్యుంటాడు. నేను కళ్లతో చూడలేదు."

"చెబితే ఏమవుతుంది?"

"నలుగురినీ లోపల వేస్తారు. ముందు నన్నే. ఆ మధ్యాహ్నం నేనూ కార్ఖానాలో లేను కదా."

"ఇంట్లో నా తల దువ్వుతున్నారు. అడిగితే నేను చెబుతాను."

"పెళ్లాం సాక్ష్యం ఎవడు నమ్ముతాడే? మేస్త్రీ నన్ను బతకనిస్తాడా? ఉన్న పని పోతే నిన్నెవరు చూస్తారు?"

ఆమె గోడ వైపు తిరగాలని చూసింది. కాళ్లు మాట వినలేదు.

"నన్ను కాస్త అటు తిప్పండి," అంది. "నేను చూడను. మీరు ముంచండి."

తిప్పాను. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి మోకాళ్ల కింద పెట్టి తిప్పాను. తేలిగ్గా ఉంది. అంత తేలికైపోయిందని నాకు తెలియదు. ఇన్నాళ్లూ మోసినవాడికి తెలిసే ఉంటుంది.

బకెట్ నీళ్లు తూములో పోశాను. పరదా మడత పెట్టి ఆమె తలగడ కింద దాచాను.

"అతని వకీలు ఎక్కడుంటాడట?" అన్నాను.

స్టేషనుకు వెళ్లొద్దంది. అక్కడ ఇస్తే గుడ్డ వాళ్ల బీరువాలోకి పోతుంది, మళ్లీ బయటికి రాదంది. తనూ వస్తానంది.

"నువ్వెందుకు?"

"మీరొక్కరే వెళ్తే గుమ్మం దాకా వెళ్లి తిరిగొస్తారు."

కాదనలేకపోయాను. మరునాడు పనికి పోలేదు. అతని గదిలోంచి కుర్చీ, పట్టీ తెచ్చాను. అంతకుముందు ఒక్కసారి కూడా ఆ పట్టీని చేత్తో ముట్టుకోలేదు.

"నుదుటికండీ, మెడకి కాదు! నన్ను మోస్తున్నారా, ఉరేసుకుంటున్నారా?"

యాభై నాలుగు మెట్లు దిగడానికి అరగంట పట్టింది. ప్రతి అంతస్తులోనూ తలుపులు తెరుచుకున్నాయి, చూశాయి, మూసుకున్నాయి. టైలరు గుమ్మంలో నిలబడి, "జాగ్రత్తమ్మా," అన్నాడు. చెయ్యి వెయ్యలేదు.

కోర్టు పెట్టిన వకీలు ఆఫీసు ఒక మేడ మీద ఉంది. సగం మెట్లెక్కేసరికి నా ఊపిరి అయిపోయింది. అక్కడే కూలబడ్డాను. ఆమె కుర్చీలో, నేను ఆమె కాళ్ల దగ్గర. కాసేపటికి కాగితాల కట్ట పట్టుకుని ఒక బక్కమనిషి ఎక్కి వచ్చాడు. ఆయనే వకీలు. అక్కడికక్కడే పరదా విప్పి చూపించాను. రంగు సంగతి చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు.

"రంగో, ఇంకోటో. పరీక్షకు పంపితే నెలలు పడుతుంది. ఈలోగా తీర్పు అయిపోతుంది."

"పరీక్ష ఎందుకు బాబూ?" అంది మా ఆవిడ. "ఒక బేసిన్లో నీళ్లు, ఒక తెల్ల గుడ్డ తెప్పించండి. జడ్జిగారి ముందు మా తమ్ముణ్ణి చెయ్యి తడుపుకుని తుడుచుకోమనండి. తర్వాత మా ఆయన తుడుస్తారు, తొట్టిలో ముంచిన చెయ్యి కడుక్కోకుండా. రెండు గుడ్డలూ ఈ పరదా పక్కన పెట్టండి. అంతే కదా."

వకీలు కాగితాల కట్ట మెట్టు మీద పెట్టేశాడు.

"మీరేం చదువుకున్నారమ్మా?"

"ఏమీ లేదు. ఇరవై రెండేళ్లుగా మా ఆయన తువ్వాళ్లు ఉతుకుతున్నాను."

సినిమాలో వాన చూస్తూ వచ్చిన ఆలోచన ఇదే.

విచారణ రోజు పొద్దున కార్ఖానాకు వెళ్లాను. తొట్టిలో చెయ్యి ముంచి, అదే నీళ్లలో తడిపిన గుడ్డ చుట్టుకుని, గాలి తగలకుండా పైన మైనపు గుడ్డ కట్టుకున్నాను. మేస్త్రీ తమ్ముడు చూశాడు. ఏమిటని అడగలేదు.

కోర్టులో బరువుల మనిషిని బోనులోకి తెచ్చారు. ఒక కన్ను మూసుకుపోయి ఉంది. నన్ను చూడగానే, "బావా, అక్క మందులు వేసుకుంటోందా?" అన్నాడు. జవాను గద్దించాడు.

"వేసుకుంటోంది," అన్నాను. అతని పిలుపుకు నేను పలికిన మొదటిసారి అది.

సర్కారు వకీలు నన్ను ముందు ఒక్కటే అడిగాడు. "ముద్దాయి నీకేమవుతాడు?"

"మా ఆవిడ తమ్ముడు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జిగారు కళ్లెత్తి బోనులో అతన్ని చూశారు, నన్ను చూశారు.

"సొంత తమ్ముడేనా?"

"సొంతమేనండి. నేనే ఆలస్యంగా ఒప్పుకున్నాను."

బేసిన్ వచ్చింది. అతను చెయ్యి ముంచాడు, తెల్ల గుడ్డకు గట్టిగా తుడిచాడు. జవాను ఆ గుడ్డను ఎత్తి పట్టుకున్నాడు. తడి తప్ప ఏమీ లేదు. ఒక మనిషి చర్మం గుడ్డకు అంటదని నిరూపించడానికి అంతమంది పెద్దలు నల్లకోట్లేసుకుని కూర్చున్నారు. అతను తలవంచుకుని ఉన్నాడు. తలవంచుకోవలసింది అతను కాదు.

తర్వాత నేను. మైనపు గుడ్డ విప్పగానే కుళ్లిన గుడ్డు వాసనకు ముందువరసవాళ్లు ముక్కు మూసుకున్నారు. నాలుగు వేళ్లు గుడ్డకు అద్దాను. పాచిపచ్చటి అచ్చు పడింది. అది అందరి కళ్లముందే మెల్లగా నల్లబడింది. జడ్జిగారు పరదా దగ్గరికి తెప్పించుకుని, రెండిటినీ పక్కపక్కన పెట్టి చూశారు. గడియారాల పెద్దమ్మ బెంచీ మీద నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

వెనక వరసలో, వకీలు పంపిన కూలీలు మోసుకొచ్చిన కుర్చీలో కూర్చున్న మా ఆవిడ మాత్రం గుడ్డల వైపు చూడలేదు. బోనులో ఉన్నవాణ్ణే చూస్తోంది.

ఆ సాయంత్రమే మా నలుగురినీ పట్టుకెళ్లారు. నన్ను రెండు రోజులు కూర్చోబెట్టారు. మర్యాదగా కాదు. మేస్త్రీ తమ్ముడి పెట్టెలో గడియారాలు దొరికాక వదిలేశారు. బరువుల మనిషి నాకంటే ఒకరోజు ముందే బయటికొచ్చాడు. నేను ఇంటికి వెళ్లేసరికి, వాచిన కంటితోనే, ఆమెకు అన్నం కలిపి పెడుతున్నాడు. ఆమె తింటోంది.

ఆ తర్వాత ఆమె నలభై ఒక్క రోజులు బతికింది. ఎక్కువ కాదు. కానీ ఒక్కరోజు కూడా గోడ వైపు తిప్పమని అడగలేదు. సాయంత్రాలు ముగ్గురం ఆ గదిలోనే కూర్చునేవాళ్లం. ఆమె నన్ను ఆటపట్టించేది, అతను నన్ను ఆటపట్టించేవాడు, నేను ఇద్దరినీ తిట్టేవాణ్ణి. జీవితంలో నాకు దక్కనివాటి గురించి ఎవరైనా అడిగితే నా దగ్గర పెద్ద పట్టిక ఉంది. ఆ నలభై ఒక్క రోజులు మాత్రం దక్కాయి. నా యోగ్యతకు దక్కినవి కావు. వాళ్లిద్దరూ ఇచ్చారు.

ఆమె పోయిన రోజు టైలరు పైకొచ్చి, "అతను అలాంటివాడు కాదని నాకు ముందే తెలుసన్నా," అన్నాడు. ఆ తర్వాత టైలరుతో నేను మాట్లాడలేదు. ఇంకా అదే భవనంలో ఉన్నాం. బట్టలు వేరేచోట కుట్టించుకుంటాను.

కార్ఖానావాళ్లు నన్ను మళ్లీ గేటు దాటనివ్వలేదు. బావమరిది బీరువాకు ఒక కొస పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. పదకొండేళ్లుగా పట్టుకుంటూనే ఉన్నాను. కింద గది ఖాళీ చేసి అతను మా ఇంటికే వచ్చేశాడు. గదిలో అటో మంచం, ఇటో మంచం.

సినిమాకు ఇద్దరం వెళ్లాం. అతను సగంలోనే నిద్రపోయాడు. తిరిగి నడిచి వస్తుంటే, పదకొండేళ్లు మింగినది నోట్లోకి వచ్చింది.

"ఒరేయ్, నాకు ఆ బుధవారం పొద్దునే తెలుసు. కుళాయి దగ్గరే తెలిసింది. తొమ్మిది రోజులు నోరు విప్పలేదు. లోపల నిన్ను కొడుతుంటే నేనిక్కడ చేతులు తోముకుంటున్నాను."

"తెలుసు బావా."

నేను ఆగిపోయాను. "ఎవరు చెప్పారు?"

"అక్క. బయటికొచ్చాక మొదటిసారి ఆసుపత్రికి దించుతుంటే చెప్పింది."

"మరి ఇన్నేళ్లూ ఒక్క మాటా అనలేదేం?"

"చెప్పాక ఒకటి అడిగింది. దాని గురించి నీ దగ్గర ఎప్పుడూ ఎత్తొద్దని. సరేనన్నాను." కాస్త దూరం నడిచాక అన్నాడు, "నువ్వూ ఎత్తకు బావా. అక్క అడిగింది అదొక్కటే కదా."

సరేనన్నాను. ఎవరినీ క్షమించే గుణం నాకు లేదు, రాలేదు. క్షమించినవాళ్ల పక్కన బతికాను, అది చాలు. సినిమాలో ఆమె లేదు కాబట్టి ఇది కాగితం మీద పెట్టాను. పత్రికలవాళ్లు రానీ, సినిమావాళ్లు రానీ, గడియారాల పెద్దమ్మే వచ్చి కాళ్ల మీద పడనీ. ఇక ఈ సంగతి నేను ఎవరి దగ్గరా ఎత్తను. అతని దగ్గర అసలే ఎత్తను.